ఫొటోను పెయింటింగ్‌గా మార్చేటప్పుడు దేన్ని వదిలెయ్యాలి

అందరికీ నమస్కారం. తెర మీద రెండు బొమ్మలున్నాయి, కాసేపు వాటినే చూడండి. రెండూ ఒకే ఫొటో నుంచి వచ్చాయి. ఒక పెద్దాయన కిటికీ పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాడు. ఎడమవైపున్నది ఫొటోషాప్‌లో ఆయిల్ పెయింట్ ఫిల్టర్ ఒక్కసారి వేస్తే వచ్చింది. కుడివైపున్నది అదే ఫొటో మీద బ్రష్ పట్టుకుని చేసింది. ఇందులో ఏది పెయింటింగ్‌లా ఉంది? అందరూ కుడివైపే చూపిస్తున్నారు. సరే. కానీ బ్రష్ గీతలు ఎందులో ఎక్కువున్నాయో చూడండి. ఎడమదాంట్లోనే! గోడ మీద, పుస్తకం మీద, ఆయన బుగ్గ మీద, కుర్చీ కోడు మీద, ఎక్కడ చూసినా ఒకే లావు గీతలు, ఒకే మెలిక. కుడి బొమ్మలో గోడ దాదాపు లేనట్టే. కుర్చీ కాళ్ళు సగంలోనే నీడలో కలిసిపోయాయి. పుస్తకంలో ఒక్క అక్షరమూ లేదు. నుదురు, కళ్ళజోడు, పేజీ తిప్పబోతున్న వేలు, ఈ మూడుచోట్లే పని కనిపిస్తుంది.

ఇవాళ నేను చెప్పేదంతా ఈ తేడా గురించే. కెమెరా తన ముందున్న ప్రతిదాన్నీ ఒకే శ్రద్ధతో రాసుకుంటుంది. స్విచ్‌బోర్డైనా, కనుపాపైనా దానికి ఒకటే. బొమ్మ వేసేవాడికి అలా కుదరదు. ప్రతి గీతకూ చెయ్యి కదలాలి కాబట్టి ఏది వెయ్యాలో, ఏది మానాలో ముందే తేల్చుకుంటాడు. ఫిల్టర్ ఏం చేస్తుందంటే, కెమెరా చూపించిన ఆ సమాన శ్రద్ధను అలాగే ఉంచి, దాని మీద రంగు పూసినట్టు కనిపించే పొర కప్పుతుంది. అందుకే ఎంత మంచి ఫిల్టరైనా చూడగానే ‘ఇది ఫిల్టర్’ అని తెలిసిపోతుంది.

ఫొటోను పెయింటింగ్‌లా చెయ్యాలన్న కోరిక కంప్యూటర్లతో మొదలైంది కాదు. ఫొటోగ్రఫీ పుట్టిన కొద్ది ఏళ్ళకే మొదలైంది. ఇంగ్లండ్‌లో హెన్రీ పీచ్ రాబిన్సన్ 1858లోనే ఐదు నెగెటివ్‌లు కలిపి ఒకే చిత్రం తయారుచేశాడు. మనం ఇప్పుడు లేయర్లు అంటున్నది, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు, ఆయన డార్క్‌రూమ్‌లో చేసి చూపించాడు. ఆ తర్వాత పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఫొటో కూడా పెయింటింగ్‌లా ఉండాలనే పిక్టోరియలిస్టులు వచ్చారు. ఫ్రాన్స్‌లో రాబర్ట్ దమాషీలాంటి వాళ్ళు గమ్ బైక్రోమేట్ పద్ధతిలో ప్రింట్లు తీసేవాళ్ళు. జిగురులో రంగు కలిపి కాగితానికి పూసి, ఎండలో ఎక్స్‌పోజ్ చేసి, నీళ్ళలో కడిగేటప్పుడు బ్రష్‌తో అక్కడక్కడా రంగు తీసేసేవాళ్ళు. గమనించారా, వాళ్ళు కూడా చేసింది తీసెయ్యడమే. నచ్చని చెట్టును, అనవసరమైన గోడను ప్రింట్ మీదే కడిగేసేవాళ్ళు.

దీని మీద తిరుగుబాటు కూడా వచ్చింది. 1932లో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ వాళ్ళు ఎఫ్/64 అనే బృందం పెట్టారు. ఎఫ్/64 అంటే పెద్ద కెమెరాల్లో చాలా చిన్న ఎపర్చర్, లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం. ముందు రాయి నుంచి వెనక కొండ దాకా అంతా పదునుగా పడుతుంది. ఫొటో ఫొటోలా ఉండాలి, పెయింటింగ్ వేషం ఎందుకని వాళ్ళ వాదన. ఆ గొడవ ఇంకా తీరలేదు. ఇప్పుడు కూడా ఏ ఫొటో పోటీకైనా ఇలాంటి బొమ్మ పంపితే జడ్జీల్లో ఒకరు ముఖం చిట్లిస్తారు. నేను ఆ వాదనలోకి పోను. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. పదునైన ఫొటో మీద మొత్తం ఫిల్టర్ వేసి, అది ఫొటో కాకుండా, పెయింటింగూ కాకుండా మధ్యలో వదిలేసేకంటే ఎఫ్/64 వాళ్ళ మాట వినడమే మేలు.

ఇక కంప్యూటర్ల దగ్గరికి వద్దాం. ఈ ఫిల్టర్లు లోపల ఏం చేస్తాయో కొంచెం తెలిస్తే, వాటిని ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో తెలుస్తుంది. ఉదాహరణకు కువహారా ఫిల్టర్. 1976లో జపాన్‌లో మిచియోషి కువహారా బృందం దీన్ని గుండె స్కాన్ చిత్రాల్లో గరుకు తగ్గించడానికి తయారుచేసింది. బొమ్మల కోసం కాదు. ప్రతి పిక్సెల్ చుట్టూ ఉన్న చోటును నాలుగు ముక్కలుగా చూస్తుంది. వాటిలో ఏ ముక్కలో రంగు తక్కువగా మారుతోందో, దాని సగటు రంగు తీసుకుని ఆ పిక్సెల్‌కు వేస్తుంది. దానివల్ల లోపలి గరుకు పోతుంది, అంచు మాత్రం నిలబడుతుంది. చూస్తే రంగును చదునుగా మెత్తినట్టుంటుంది. తర్వాత దీనికి మెరుగైన రూపాలు వచ్చాయి. 2023లో బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ 4.0 వెర్షన్‌లోనూ కువహారా చేరింది. గింప్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఆయిలిఫై ఫిల్టర్ ఇంకా సులువైనది. చుట్టుపక్కల ఎక్కువసార్లు కనిపించే రంగును తీసుకుని అక్కడ వేస్తుంది.

నాకు ఇంతకంటే ఇష్టమైనది సిలికాన్ గ్రాఫిక్స్ అనే కంప్యూటర్ కంపెనీలో పనిచేసిన పాల్ హేబర్లీ 1990లో చూపించిన ఆలోచన. ఖాళీ తెర మీద మీరు మౌస్ కదుపుతారు. మీ మౌస్ ఎక్కడుందో, కింద దాగిన ఫొటోలో అక్కడి రంగును ప్రోగ్రామ్ తీసుకుని ఒక బ్రష్ గీత వేస్తుంది. రంగు ఫొటోది, నిర్ణయం మీది. ఎక్కడ వెయ్యాలి, ఎంత లావు, ఏ దిక్కుకు అన్నది మనిషి చేతిలోనే ఉంటుంది. ఆ మరుసటి ఏడు 1991లో పెయింటర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. రంగు డబ్బాలో పెట్టి అమ్మేవాళ్ళు దాన్ని, నిజంగా డబ్బానే. ఇప్పుడది కోరెల్ పెయింటర్. అందులో క్లోనింగ్ అంటే ఇదే పద్ధతి.

1998లో ఆరన్ హెర్ట్జ్‌మన్ దీన్ని కంప్యూటర్ తానే చేసేలా రాశాడు. ముందు ఫొటోను బాగా మసకబార్చి చాలా పెద్ద బ్రష్‌తో మొత్తం వేస్తుంది. తర్వాత మసక కొంచెం తగ్గించి, తాను వేసినదాన్ని దాంతో పోలుస్తుంది. ఎక్కడ తేడా ఎక్కువుందో అక్కడ మాత్రమే చిన్న బ్రష్ వాడుతుంది. తేడా లేనిచోట పెద్ద బ్రష్ గీతలు అలాగే ఉండిపోతాయి. నా దృష్టిలో ఈ రంగంలో వచ్చిన అత్యంత తెలివైన ఆలోచన ఇది. ఎందుకంటే బొమ్మలు వేసేవాళ్ళు చేసేదీ ఇదే. అయితే ఒక తేడా ఉంది. ఎక్కడ చిన్న బ్రష్ కావాలో ప్రోగ్రామ్ రంగుల తేడా చూసి తేలుస్తుంది. వెనకాల గళ్ళ చొక్కా ఉంటే దానికీ చిన్న బ్రష్ వాడేస్తుంది. గళ్ళ చొక్కా ముఖ్యమా కాదా అన్నది దానికి తెలియదు, మనకు తెలుసు. కాబట్టి ఆ వరస మనం తీసుకుందాం, నిర్ణయం మన దగ్గర ఉంచుకుందాం.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ముందు ఫొటో ఎంచుకోవడం. కళ్ళు సగం మూసి ఫొటో వంక చూడండి. వెలుగు ఒక ముద్దగా, నీడ ఒక ముద్దగా విడిపోయి కనిపిస్తే ఆ ఫొటో పనికొస్తుంది. అంతా బూడిదరంగు గజిబిజిగా కనిపిస్తే పక్కన పెట్టండి. ఫ్లాష్ నేరుగా కొట్టిన ఫొటోలు దాదాపు ఎప్పుడూ పనికిరావు, ముఖంలో నీడే ఉండదు కాబట్టి. ఫోకస్ కొంచెం తప్పిన ఫొటో అయినా ఫరవాలేదు, వెలుతురు బాగుంటే చాలు.

ఫొటో శుభ్రం చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. షార్పెన్ చెయ్యకండి, అంటే అంచుల పదును పెంచకండి. కెమెరా తానే చేసి ఉంటే, వీలైతే కెమెరా మార్పులు చెయ్యని రా ఫైల్ నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. షార్పెన్ చేసిన అంచుల పక్కన సన్నటి తెల్లటి గీత వస్తుంది. ఫిల్టర్ దాన్ని కూడా వస్తువే అనుకుని రంగుతో నింపుతుంది. రెండోది నాయిస్. నీడల్లో ఉండే రంగుల ఇసుకను ముందే తీసెయ్యకపోతే, ఆయిల్ పెయింట్ ఫిల్టర్ ఆ ఇసుకలోంచే పురుగుల్లాంటి గీతలు పుట్టిస్తుంది. (నవ్వులు) మీరందరూ చూసే ఉంటారు వాటిని.

నీడల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కెమెరా లోతైన నీడను నల్లగా చేసేస్తుంది. మన కన్ను అలా చూడదు. ఎండలో నిలబడిన మనిషి నీడను చూడండి. అక్కడ సూర్యుడి వెలుగు అందదు కానీ ఆకాశం వెలుగు పడుతూనే ఉంటుంది. అందుకే ఆ నీడలో నీలం ఉంటుంది. ఫ్రాన్స్‌లో ఇంప్రెషనిస్టులనే చిత్రకారులు నీడల్లో నీలాలు, ఊదాలు వేసింది ఏదో చమత్కారం కోసం కాదు, ఉన్నది చూసే వేశారు. కాబట్టి బ్రష్ పట్టేముందు, వెలుగునీడలు సర్దే కర్వ్స్ గీతలో నలుపు చివరను కొంచెం పైకి లేపండి. బయట తీసిన ఫొటో అయితే నీడల భాగంలో బ్లూ చానెల్ కాస్త పెంచండి. అచ్చమైన నలుపు బొమ్మలో ఎక్కడా లేకుండా చూసుకోండి. ఈ ఒక్క పనితోనే ఫొటో వాసన సగం పోతుంది.

ఇప్పుడు బ్రష్. ఫొటోషాప్‌లో 2010లో వచ్చిన సీఎస్5 నుంచి మిక్సర్ బ్రష్ ఉంది. ఇది కింద ఉన్న రంగును తడిపి లాగుతుంది. పైన ఒక ఖాళీ లేయర్ తెరిచి, శాంపుల్ ఆల్ లేయర్స్ టిక్ పెట్టండి. అప్పుడు రంగు ఫొటో నుంచి వస్తుంది, గీత మాత్రం ఖాళీ లేయర్ మీద పడుతుంది. ఫొటో చెడదు. ప్రతి గీత తర్వాత బ్రష్‌లో రంగు నింపే బటన్ ఆపెయ్యండి, బ్రష్ కడిగే బటన్ ఆన్ చెయ్యండి. లేకపోతే జుట్టు రంగు తెచ్చి నుదుటికి పూసేస్తారు. క్రీటా అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకు కలర్ స్మడ్జ్ బ్రష్‌లతో ఇలాంటి పనే అవుతుంది, అది ఉచితం కూడా. పెన్ టాబ్లెట్ ఉంటే మంచిది. మౌస్‌కు ఒత్తిడి తెలియదు, గీత మొదలూ చివరా ఒకే లావుగా వస్తుంది.

మొదటి దఫా చాలా పెద్ద బ్రష్‌తో మొత్తం వెయ్యండి. ముఖం కూడా. కళ్ళు, ముక్కు అన్నీ పోతాయి, పోనివ్వండి. చాలామంది ఇక్కడే భయపడి చిన్న బ్రష్‌కు దిగిపోతారు. ఈ దశలో బొమ్మను స్టాంపు సైజుకు తగ్గించి చూడండి. అప్పుడు కూడా మనిషి మనిషిలా కనిపిస్తే పునాది బాగుంది. తర్వాత బ్రష్ సైజు సగానికి తగ్గించి, అవసరమున్నచోట మాత్రమే. ఆ తర్వాత ఇంకా సగానికి, ఇంకా తక్కువ చోట.

గీత దిక్కు ముఖ్యం. ఆకారం ఎలా ఒంపు తిరిగిందో గీత అలా తిరగాలి. బుగ్గ మీద గుండ్రంగా, నుదుటి మీద అడ్డంగా, చీర మడత ఎటు పడితే అటు. ఫిల్టర్ తడబడేది ఇక్కడే. అది వెలుగు మారే దిక్కు చూస్తుంది కానీ కింద బుగ్గ ఉందో బంతి ఉందో చూడదు. మీ చెయ్యి చూస్తుంది.

ముఖం గురించి నాలుగు మాటలు. జుట్టును వెంట్రుకలుగా వెయ్యకండి. ఒక ముద్దగా వేసి, చివర్లో అంచు దగ్గర రెండు మూడు పోగులు లాగండి చాలు. నవ్వుతున్న ముఖంలో పళ్ళ మధ్య గీతలు ఫొటోలో ఉంటాయి. వాటిని తప్పకుండా కలిపెయ్యండి, లేకపోతే ఎంత అందమైన నవ్వయినా భయపెడుతుంది. రెండు కళ్ళూ సమానంగా పదునుగా ఉండనక్కర్లేదు. వెలుగువైపు కన్ను స్పష్టంగా ఉంచి, నీడవైపు కన్నును కాస్త మెత్తగా వదిలెయ్యండి. కంట్లో మెరుపు చుక్క అన్నింటికంటే చివర, ఒకే ఒక్క గీతతో.

అంచుల దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. మీకు అంత ఓపిక ఉందో లేదో తెలియదు కానీ చెప్పక తప్పదు. ఫొటోలో ప్రతి వస్తువుకూ చుట్టూ అంచు ఉంటుంది, కత్తిరించినట్టు. పెయింటింగ్‌లో కొన్ని అంచులు దొరుకుతాయి, కొన్ని పోతాయి. జాన్ సింగర్ సార్జెంట్ వేసిన పోర్ట్రెయిట్లు చూడండి. నల్ల కోటు వేసుకున్న మనిషి చీకటి గది ముందు నిలబడితే భుజం ఎక్కడ ముగిసిందో, చీకటి ఎక్కడ మొదలైందో తెలియదు. అయినా భుజం అక్కడ ఉందని మన కన్ను నమ్ముతుంది. మీ ఫొటోలో కూడా పక్కపక్కనే ఉన్న రెండు భాగాలు ఒకే వెలుగులో ఉన్నచోట్ల వెతకండి. నీడవైపు చెంప, దాని వెనక ముదురు తెర. తెల్ల చొక్కా, దాని పక్కన వెలిగే కిటికీ. అక్కడ బ్రష్‌ను అంచు మీదుగా అడ్డంగా ఒకటి రెండుసార్లు లాగండి. అంచు కరిగిపోతుంది. దానికి బదులు మీరు ఎక్కడ చూడమంటున్నారో అక్కడ ఒక్క అంచును గట్టిగా నిలబెట్టండి. మొత్తం బొమ్మలో అలాంటి గట్టి అంచులు వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఉండాలి. నాకు టైమ్ లేక ఒకే పని చెయ్యాల్సి వస్తే, బ్రష్ గీతలన్నీ మానేసి ఈ అంచుల పని ఒక్కటే చేస్తాను.

వాటర్ కలర్ కావాలనుకునేవాళ్ళకు దారి వేరు. ఆయిల్ రంగు కింది రంగును కప్పేస్తుంది, వెలుగును పైన చివర వేస్తారు. నీటిరంగు పారదర్శకం. తెలుపు అంటే ఖాళీ కాగితమే. కాబట్టి తెల్ల లేయర్ మీద లేత రంగులు కింది పొర కనిపిస్తూనే ముదురయ్యే మల్టిప్లై మోడ్‌లో పొరలుగా వెయ్యాలి, తెలుపు ఉండాల్సిన చోట వెయ్యడం మానాలి. నీళ్ళు ఆరేటప్పుడు రంగు అంచుకు చేరి అక్కడ కాస్త ముదురు గీత కడుతుంది. అది ఉంటేనే నీటిరంగు అనిపిస్తుంది. ఫొటోషాప్ ఫిల్టర్ గ్యాలరీలో వాటర్‌కలర్ అని ఒకటుంది. అది బొమ్మను నల్లబరుస్తుంది. పేరు చూసి మోసపోకండి. ఆ గ్యాలరీ 8 బిట్ ఫైళ్ళ మీదే పనిచేస్తుంది (బిట్లు పెరిగేకొద్దీ ఫైల్ రంగుల మెట్లను ఇంకా సన్నగా రాసుకుంటుంది), 16 బిట్‌లో ఉంటే మెనూలో మసకగా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ పాడైందని టెన్షన్ పడకండి, మోడ్ మార్చుకోండి.

ఇంత చెప్పాక ఫిల్టర్లు వాడొద్దంటున్నానని అనుకుంటారేమో. నేనూ వాడతాను. వెనక భాగాలకు, ఆకాశానికి, మొదటి దఫా పునాదికి బాగా పనికొస్తాయి. ఫొటోను స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి, అంటే అసలు చెడకుండా ఉంచి, ఫిల్టర్ వేస్తే తర్వాత సెట్టింగులు మార్చుకోవచ్చు, కావాల్సినచోట దాచే మాస్క్‌తో ముఖం మీద నుంచి తీసెయ్యొచ్చు. ఒక చిక్కు ఉంది. ఫిల్టర్ లెక్కలన్నీ పిక్సెళ్ళలోనే ఉంటాయి. ఆయిల్ పెయింట్‌లో స్కేల్ 10 దాటదు. 6000 పిక్సెళ్ళ వెడల్పున్న ఫొటోకు అదే సెట్టింగ్ వేస్తే గీతలు కనిపించనంత సన్నగా వస్తాయి. 1500 పిక్సెళ్ళకు తగ్గించి వేస్తే లావుగా వస్తాయి. చిన్నది చేసి ఫిల్టర్ వేసి మళ్ళీ పెద్దది చేసుకోవచ్చు. పెద్దది చేసినప్పుడు వచ్చే మెత్తదనం మనకు ఇక్కడ నష్టం కాదు.

రంగు దళసరిగా పూసినట్టు కనిపించాలంటే, అన్ని లేయర్లూ కలిపిన ఒక కాపీ తీసి, రంగు తీసేసి, గీతలు ఉబ్బెత్తుగా కనిపించేలా ఎంబాస్ చేసి, కింది బొమ్మతో కలిసిపోయే ఓవర్‌లే మోడ్‌లో పెట్టండి. తర్వాత మాస్క్‌తో నీడల మీద నుంచి చెరిపెయ్యండి. రెంబ్రాంట్ కాలం నుంచీ ఆయిల్ పెయింటర్లు వెలుగులో దళసరిగా, నీడల్లో పలచగా పూస్తూ వచ్చారు. నీడల్లో కూడా గడ్డలు గడ్డలుగా రంగు లేస్తే ప్లాస్టిక్‌లా ఉంటుంది.

ప్రశ్నలు వస్తున్నాయి, తీసుకుందాం.

‘ఏఐకి చెబితే క్షణంలో ఇచ్చేస్తోంది కదా, ఇదంతా ఎందుకు?’ అంటున్నారు. మంచి ప్రశ్న. 2015లో గాటిస్, ఎకర్, బెత్గే అనే ముగ్గురు పరిశోధకులు ఒక ఫొటోలోని విషయాన్నీ, ఒక పెయింటింగ్‌లోని శైలినీ న్యూరల్ నెట్‌వర్క్‌తో విడదీసి కలిపే పద్ధతి చూపించారు. 2016లో ప్రిజ్మా యాప్ ఫోన్లలోకి వచ్చింది అలాంటి పద్ధతితోనే. ఇప్పటివి ఇంకా చాలా ముందుకెళ్ళాయి, కొన్ని అంచులు కూడా బాగానే వదులుతాయి. వాడుకోండి, తప్పేం లేదు. కానీ మీ నాన్నగారి ఫొటో ఇస్తే నాన్నగారిలాంటి ఇంకెవరో తిరిగి రావచ్చు. పోర్ట్రెయిట్‌లో పోలిక పోతే ఇక మిగిలేది ఏముంది? దాని ఫలితాన్ని ఒక లేయర్‌గా పెట్టుకుని వెనక భాగానికి వాడుకుని, ముఖం మీరు వెయ్యండి.

వెనక నుంచి ఇంకో ప్రశ్న. వేరేవాళ్ళ ఫొటో తీసుకుని పెయింటింగ్ చేస్తే అది మనదవుతుందా అని. బ్రష్ గీతలు వేసినంత మాత్రాన కాదు. పేరున్న అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ అంతటివాడి విషయంలోనే ఇది కోర్టుకెళ్ళింది. ఫొటోగ్రాఫర్ లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో తీసిన గాయకుడు ప్రిన్స్ ఫొటో ఆధారంగా వార్హోల్ బొమ్మలు చేశాడు. ఆయన పోయాక ఆయన ఫౌండేషన్ వాటిలో ఒకదాన్ని ఒక పత్రికకు లైసెన్స్ ఇచ్చిన వ్యవహారంలో 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఫొటోగ్రాఫర్ వైపే తీర్పు చెప్పింది. అది అమెరికా చట్టం, ఒక్కో దేశానిది ఒక్కోలా ఉంటుంది. సొంత ఫొటో వాడండి, లేదా తీసినవాళ్ళను అడగండి. అడిగితే చాలామంది సంతోషంగా ఇస్తారు.

చివరిది ప్రింట్ గురించి. 12 బై 18 అంగుళాల ప్రింట్‌కు అంగుళానికి 300 చొప్పున 3600 బై 5400 పిక్సెళ్ళు కావాలి. ఇలాంటి బొమ్మలకు 150 అయినా నడుస్తుంది, పోవడానికి సన్నటి వివరాలే లేవు కదా. నిగనిగలాడే కాగితం వద్దు, మాట్ కాగితమో కాన్వాసో తీసుకోండి. కాన్వాస్ మీద ప్రింట్ తీస్తుంటే బొమ్మ మీద మీరు వేసిన కాన్వాస్ టెక్స్చర్ లేయర్‌ను ఆపేసి పంపండి. లేకపోతే నేత మీద నేత పడి జల్లెడలా కనిపిస్తుంది. ముందు ముఖం ఉన్న ముక్క ఒక్కటే అసలు సైజులో, అదే కాన్వాస్ మీద చిన్న ప్రింట్ తీయించి చూసుకోండి. తెర మీద కనిపించినదానికంటే నీడలు ముదురుగా వస్తాయి, దాన్నిబట్టి కర్వ్స్ కాస్త లేపి మళ్ళీ పంపండి. సిస్టమ్‌లు ఆన్‌లోనే ఉన్నాయి, ఫొటోలు తెచ్చుకున్నవాళ్ళు ముందుకు రండి.